కొత్త రొయ్యల ట్యాంకులో అమ్మోనియా 3 పీపీఎం: జియోలైట్ బస్తా కొనే ముందు ఇది చదవండి

ప్రశ్న: రొయ్య సీడ్‌ను (పిల్లలను) చెరువులో వదిలే ముందు కొన్నాళ్లు పెంచుకుందామని ఈ సీజన్‌లోనే లక్ష లీటర్ల లైనర్ (ప్లాస్టిక్ షీటు పరిచిన) ట్యాంకు వేశాను. క్రీక్ నీరు ఎక్కించి, బ్లీచింగ్ చేసి, నాలుగు రోజులు ఆగి 2 లక్షల వెనామీ రొయ్య పిల్లలను వదిలాను. ఇవాళ్టికి 12 రోజులు. సాలినిటీ 18 (లీటరుకు 18 గ్రాముల ఉప్పు). మేత రోజుకు కిలోన్నర పడుతోంది, ప్రొటీన్ 40 శాతం. అమ్మోనియా కిట్‌లో 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) చూపిస్తోంది. పీహెచ్ ఉదయం 7.9, సాయంత్రం 8.5. సాయంత్రమైతే పిల్లలు నీరసించి అంచులకు చేరుతున్నాయి, చెక్ ట్రేలో (ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మేత మిగులుతోంది. షాపులో జియోలైట్ (ఒక ఖనిజ పొడి), సున్నం, ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) మూడూ వేయమన్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
(ఒక రైతు, నాగాయలంక ప్రాంతం, కృష్ణా జిల్లా)

జవాబు: ముందుగా సున్నం సంచి పక్కన పెట్టేయండి. ఈ పరిస్థితిలో సున్నం వేస్తే పిల్లలను మీ చేతులతో మీరే చంపుకున్నట్టు. ఎందుకో చెబుతాను.

కిట్ చూపించే 3 పీపీఎం మొత్తం అమ్మోనియా. అందులో వాయువుగా ఉండే కొంత భాగమే అసలు విషం, మొప్పల్లోంచి నేరుగా ఒంట్లోకి పోయేది అదే. ఆ భాగం ఎంతనేది ప్రధానంగా పీహెచ్ మీద, కొంత వేడి మీద ఆధారపడుతుంది. ఉదయం 7.9 దగ్గర మీ నీటిలో అది దాదాపు 0.15 పీపీఎం ఉంటుంది. సాయంత్రం 8.5కి వచ్చేసరికి అదే నీటిలో 0.5 దాటుతుంది. కిట్ మాత్రం రెండు పూటలా 3 అనే చూపిస్తుంది. పిల్లలు సాయంత్రం పూటే అంచులకు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా. వెనామీకి ఈ విష భాగం 0.1 లోపు ఉండాలి. సున్నం పీహెచ్‌ను ఇంకా పైకి నెడుతుంది, విషం పెరుగుతుంది.

ఇక జియోలైట్. మంచినీటి చేపల ట్యాంకుల్లో అది అమ్మోనియాను పట్టుకోగలదు. ఉప్పునీటిలో సోడియం ముందే వెళ్లి జియోలైట్‌లో అమ్మోనియా పట్టుకునే చోట్లన్నీ ఆక్రమిస్తుంది, అమ్మోనియాకు చోటు మిగలదు. 18 సాలినిటీలో మీరు వేసే జియోలైట్ అడుగున మట్టిలా పేరుకుంటుంది, అంతే. మన కోస్తాలో ఏటా ఈ బస్తాల మీద పోతున్న డబ్బు చూస్తే నాకు బాధేస్తుంది. షాపువాళ్లను అని లాభం లేదు, రైతులు అడుగుతున్నారు కాబట్టి అమ్ముతున్నారు.

అసలు ఇంత అమ్మోనియా ఎక్కడి నుంచి వచ్చింది? మేత నుంచే. 40 శాతం ప్రొటీన్ ఉన్న కిలో మేత తిన్నాక, మిగిలింది కుళ్లాక సుమారు 37 గ్రాముల అమ్మోనియా నీటిలో చేరుతుంది. మీ కిలోన్నరకు 55 గ్రాములు, అంటే లక్ష లీటర్లలో రోజుకు అర పీపీఎం పైనే. పాత ట్యాంకులో అయితే గోడలకూ అడుగుకూ పట్టిన బ్యాక్టీరియా దీన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మీది కొత్త లైనర్, పైగా బ్లీచింగ్ చేసిన నీరు. ఆ బ్యాక్టీరియా ఇంకా పుట్టలేదు, అది నెమ్మదిగా పెరిగే రకం, నిలదొక్కుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టుకునేవాళ్లు నెల రోజులు చేపల్లేకుండా నీటిని తిప్పుతూ కూర్చునేది ఇందుకే.

ఈరోజే చేయాల్సింది నీటి మార్పిడి. అడుగు డ్రెయిన్ తెరిచి, మడ్డితో సహా 30 టన్నుల (30 వేల లీటర్ల) నీరు తీసేయండి. అదే సాలినిటీ, అదే వేడి ఉన్న నీరు నెమ్మదిగా ఎక్కించండి. ఎక్కించే నీటిలో క్లోరిన్ మిగిలిందేమో కిట్‌తో తప్పకుండా చూడండి. కంగారులో ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, అమ్మోనియా కంటే క్లోరిన్ పిల్లలను త్వరగా చంపుతుంది. రేపు ఇంకో 30 టన్నులు. మధ్యలో చేరేదాన్ని కలుపుకున్నా అమ్మోనియా 2 లోపుకి దిగుతుంది. తీసిన నీటిని పక్క రైతులు తోడుకునే కాలువలోకి వదలకండి.

మేత సగానికి సగం తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు, ఇంత సాంద్రతలో ఆకలేస్తే పిల్లలు ఒకదాన్నొకటి తింటాయి. ట్యాంకు మీద షేడ్ నెట్ కట్టండి. పాచి తగ్గితే సాయంత్రం పీహెచ్ అంత ఎక్కదు.

రెండో మార్పిడి అయ్యాక బెల్లం మొదలుపెట్టండి. బెల్లం తిని పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను తన ఒంట్లో కలుపుకుంటుంది, దానికి వారాలు అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో పని కనిపిస్తుంది. గ్రాము అమ్మోనియాకు సుమారు 20 గ్రాముల బెల్లం లెక్క. అప్పటికి 1.7 పీపీఎం ఉందనుకుంటే ట్యాంకులో 170 గ్రాములు, దానికి మూడున్నర కిలోల బెల్లం. ఒకేసారి గుమ్మరించకండి. రోజుకు కిలో చొప్పున నీటిలో కరిగించి, వడగట్టి, పొద్దున 9, 10 గంటల మధ్య చల్లండి. రాత్రిపూట అస్సలు వద్దు, ఆ బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను బాగా లాగేస్తుంది. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 5 పీపీఎం కంటే తగ్గకూడదు. నీటిలోకి గాలి పంపే బ్లోయర్‌కు జనరేటర్ లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లకండి. మన దగ్గర అర్ధరాత్రి కరెంటు పోవడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆల్కలినిటీ (పీహెచ్ ఒక్కసారిగా మారకుండా ఆపే నీటి శక్తి) చూశారా? మీ ఉత్తరంలో రాయలేదు. అది 120 పీపీఎం కంటే తక్కువుంటే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. తగ్గితే తినే సోడా వేయండి. మీ ట్యాంకుకు 5 కిలోలు వేస్తే దాదాపు 30 పాయింట్లు పెరుగుతుంది, సున్నంలా పీహెచ్‌ను ఎగదోయదు.

ప్రొబయోటిక్ విషయానికొస్తే, డబ్బా మీద బాసిల్లస్ అని ఉంటే అది అడుగు మడ్డిని కుళ్లబెట్టే రకం. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరు. వేస్తే నష్టం లేదు, ఈ వారం గండం నుంచి మాత్రం అది గట్టెక్కించదు. పక్క రైతు పాత ట్యాంకు నుంచి మడ్డి నీరు తెచ్చి కలపమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, దాంతోపాటు ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే పరాన్నజీవి), తెల్లమచ్చ వైరస్ కూడా రావచ్చు.

కిట్ గురించి ఒక మాట. చుక్క వేయగానే నీరు పసుపు రంగులోకి వచ్చి మబ్బుగా మారితే అది ఉప్పునీటికి పనికిరాని రకం, ఆ అంకెను నమ్మకండి. ఆకుపచ్చగా మారే సాలిసిలేట్ రకం కొనండి, లేదా దగ్గరలోని ఆక్వా ల్యాబ్‌లో ఒకసారి సరిచూసుకోండి. అమ్మోనియా, పీహెచ్ రెండూ సాయంత్రం 4 గంటలకు ఒకేసారి రాసుకోండి.

అమ్మోనియా దిగాక నైట్రైట్ ఎక్కుతుంది, అప్పుడు కంగారుపడొద్దు. మీ నీటిలో ఉప్పు ఉంది కాబట్టి దాని దెబ్బ మంచినీటిలో ఉన్నంత ఉండదు. చెరువు సిద్ధంగా ఉంటే ఇంకా వారం ట్యాంకులోనే ఉంచాలని పట్టుబట్టకండి. రెండు రోజులు పిల్లలు మామూలుగా మేత తిన్నాయంటే, తెల్లవారుజామున చెరువు నీటికి అలవాటు చేసి వదిలేయండి. నీరసంగా ఉన్నప్పుడు మాత్రం కదపకండి.