‘ఇకిరు’ మన ఊరికి వస్తే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విదేశీ క్లాసిక్‌ను తెలుగులో తీయడం గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ అకిరా కురొసావా ‘ఇకిరు’ (1952) చుట్టూ తిరిగాయి. సినిమా చూడనివారికి కథ రెండు ముక్కల్లో: టోక్యో నగరపాలక కార్యాలయంలో దాదాపు 30 ఏళ్లుగా ఫైళ్ల మీద ముద్రలేస్తూ బతికిన సెక్షన్ అధికారి వతనబేకి కడుపులో క్యాన్సరని తెలుస్తుంది. మురికి గుంట పూడ్చి పిల్లలకు పార్కు కట్టండని వీధి తల్లులు ఇచ్చిన అర్జీని పట్టుకుని, అది పూర్తి చేసి చనిపోతాడు. ఇదే కథను 2022లో రచయిత కజువో ఇషిగురో, దర్శకుడు ఆలివర్ హెర్మనస్ ‘లివింగ్’ పేరుతో 1953 నాటి లండన్‌కు తీసుకెళ్లారు.

ప్రశ్న: టోక్యోను కాకినాడ చేసి, పేర్లు మార్చి 20 సీన్లు రాశాం. అక్కడితో బండి ఆగిపోయింది. ఎక్కడ తప్పింది? (ఇద్దరు రచయితలు, కాకినాడ)

జవాబు: పేర్లూ ఊళ్లూ చివర మార్చుకోవచ్చు. ముందు చూడాల్సింది, ఆ మనిషి ఆ పని చేయక తప్పని పరిస్థితి ఏమిటన్నది. అది మన ఊళ్లో లేకపోతే సీను నిలబడదు.

ఆసుపత్రి సీనే తీసుకోండి. ‘ఇకిరు’లో డాక్టరు నిజం చెప్పడు, మామూలు అల్సరే అంటాడు. ఆనాటి జపాన్‌లో రోగికి క్యాన్సరని మొహం మీద చెప్పేవారు కాదు. అందుకే బయట కూర్చున్న మరో రోగి, ‘అల్సరేనని, ఆపరేషన్ అక్కర్లేదని, ఏది కావాలంటే అది తినమని అన్నారా, ఇక అంతే’ అని వతనబేకి ముందే వివరిస్తాడు. లోపల డాక్టరు సరిగ్గా ఆ మాటలే అంటాడు. ‘లివింగ్’లో ఈ ఏర్పాటంతా ఎత్తేశారు. ఇంగ్లిష్ డాక్టరు సూటిగా చెప్పేస్తాడు, అక్కడి కథానాయకుడు విలియమ్స్ మర్యాదగా వింటాడు. ఆ పొడి మర్యాదే అక్కడ సీనంతా.

మన దగ్గర చిక్కు వేరే. ‘మీతో ఎవరొచ్చారండీ?’ అని అడిగి, కొడుకును పక్కకు పిలిచి చెప్తారు. ‘నాన్నకు తెలియనివ్వకండి’ అంటాడు కొడుకు. అంటే అసలు కథ తలకిందులైపోతుంది: అక్కడ తండ్రికి తెలుసు, కొడుక్కి తెలియదు. ఆ తేడా మీదే ఇంట్లో సీన్లన్నీ నడుస్తాయి. మీ 20 సీన్ల తర్వాత బండి ఆగింది ఇక్కడేనేమో చూడండి. పెద్దాయన ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లాలి, ‘రేపు మీవాళ్లను తీసుకురండి’ అన్నా తీసుకెళ్లకూడదు, బయాప్సీ రిపోర్టు కౌంటర్లో తనే తీసుకోవాలి. ఆ ఇంగ్లిష్ కాగితం అర్థంకాక మందుల షాపు కుర్రాడికి చూపిస్తే, వాడు చదివి తల దించుకుంటే చాలు.

ఆఫీసు సీన్లు మనకు తేలిగ్గా కుదురుతాయి. ‘మా సెక్షన్ కాదండీ’ అంటూ శానిటేషన్ నుంచి ఇంజనీరింగ్‌కి, అక్కడినుంచి టౌన్ ప్లానింగ్‌కి, చివరికి మళ్లీ మొదటి బల్ల దగ్గరికి. కాకపోతే కాలం తేల్చుకోండి. నేటి కథైతే ఫైలు కంప్యూటర్లో ఉంటుంది, బల్ల మీద కాగితాల గుట్టలు చూపిస్తే అబద్ధమవుతుంది. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ ‘పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చి, గుంట మాత్రం అలాగే ఉండటం నేటి రూపం. గుట్టలే కావాలంటే 1980లకు వెళ్లండి.

పని పద్ధతి: అసలు సినిమాను ఆపి ఆపి చూస్తూ సీన్ ఆర్డర్ రాయండి, ఒక్కో సీనుకు రెండు వరుసలు మించొద్దు. పక్కన మూడు గడులు పెట్టండి: ఈ సీను చేసే పనేమిటి, అక్కడ దాన్ని నడిపిస్తున్న ఆచారం లేదా చట్టమేమిటి, మన దగ్గర ఆ పని చేసేదేమిటి. మూడో గడి ఖాళీగా మిగిలితే ఆ సీనుకు డైలాగులు రాయడం మొదలుపెట్టకండి.

ప్రశ్న: నేటివిటీ అంటే పండగలు, యాస పెట్టడమేనా? (నిజామాబాద్)

జవాబు: అవి పైపూత. 2011 ఫ్రెంచ్ సినిమా ‘ది ఇన్‌టచబుల్స్’ను తెలుగులో ‘ఊపిరి’ (2016) చేసినప్పుడు జరిగిన మార్పు చూడండి. ఫ్రాన్స్‌లో హీరో ఆ ఇంటర్వ్యూకి వచ్చేది ఉద్యోగం కోసం కాదు. నిరుద్యోగ భృతి రావాలంటే ‘ఇతన్ని తీసుకోలేదు’ అన్న సంతకం కావాలి. మన దగ్గర ఆ కారణం పనిచేయదు. అందుకే తెలుగులో అతను పెరోల్ మీద వచ్చిన ఖైదీ, మంచివాడని చూపించుకోవాల్సిన అవసరం ఉంది. నేటివిటీ అంటే అది.

ప్రశ్న: హీరో మధ్యలో చనిపోతే మన ప్రేక్షకులు కూర్చుంటారా? ఇంటర్వెల్ ఎక్కడ వేయాలి? (గుంటూరు)

జవాబు: ‘ఇకిరు’ నిడివి 143 నిమిషాలు. మూడింట రెండొంతులు కాకముందే అతను చనిపోయాడని కథకుడి గొంతు చెప్పేస్తుంది. అంతకుముందు, వతనబే ‘ఇంకా ఆలస్యం కాలేదు’ అనుకుని హోటల్ మెట్లు దిగుతుంటే, ఎవరో అమ్మాయి కోసం స్నేహితులు పుట్టినరోజు పాట పాడతారు. ఆ తర్వాత ఆఫీసుకెళ్లి అర్జీ బయటికి తీస్తాడు. అతను ఫైలుతో బయటికి నడిచే షాట్ మీద ఇంటర్వెల్ వేయండి. ప్రేక్షకులు తిరిగొచ్చి కూర్చోగానే తెర మీద దండ వేసిన ఫోటో. ఇంతకంటే గట్టి దెబ్బ మీరు కొత్తగా కల్పించలేరు.

ఇబ్బంది నిడివితో. అలా చేస్తే మొదటి సగం గంటన్నర, రెండోది 50 నిమిషాలవుతుంది. మొదటి సగాన్నే తగ్గించాలి. ‘లివింగ్’ కథకుణ్ణి తీసేసి, ఆఫీసులో చేరిన కొత్త కుర్రాడి కళ్లతో మొదలుపెట్టి, మొత్తం 102 నిమిషాల్లో ముగించింది.

చావు తర్వాతి సీన్లు కూడా అలాగే దింపకండి. జపాన్‌లో చనిపోయినవారి ఫోటో ముందే సహోద్యోగులు సాకే (బియ్యంతో చేసే మద్యం) తాగుతూ కూర్చుంటారు, మత్తులో నిజం బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో దాన్ని రైలు పెట్టెలోకి మార్చారు. మనింట్లో పెద్దకర్మ భోజనాల దగ్గర మందు ఉండదు, నిజాలూ రావు, ‘మహానుభావుడు’ అన్న మాట తప్ప. నిజం వచ్చేది తిరుగు ప్రయాణంలో, ఆఫీసువాళ్లంతా కలిసి అద్దెకు మాట్లాడుకున్న వ్యానులో. సీనును అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: 60 ఏళ్లు దాటింది కాబట్టి హక్కులు కొనక్కర్లేదంటున్నారు. నిజమా? (హైదరాబాద్)

జవాబు: నమ్మకండి. మన కాపీరైట్ చట్టం (1957) సినిమాకు విడుదల తర్వాత 60 ఏళ్లు ఇస్తుంది. కానీ స్క్రీన్‌ప్లే వేరే రచన. దానికి రచయిత మరణించాక 60 ఏళ్లు, పలువురు కలిసి రాస్తే చివర పోయినవారి నుంచి లెక్క. ‘ఇకిరు’ను కురొసావాతో కలిసి రాసిన ఇద్దరిలో షినొబు హషిమొతో 2018లో మరణించారు. అంటే మన లెక్కలో 2078 చివరి దాకా రక్షణ ఉన్నట్టే. రీమేక్ చేసేవారు వాడుకునేది ఆ రచననే.

అడక్కుండా తీస్తే ఏమవుతుందో కురొసావా ‘యొజింబో’ (1961) చెబుతుంది. సెర్జియో లియోనే దాన్ని అనుమతి లేకుండా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964)గా తీశారు. చివరికి రాజీలో ప్రపంచ వసూళ్లలో 15 శాతం, జపాన్, తైవాన్, దక్షిణ కొరియా పంపిణీ హక్కులు జపాన్ వారికి పోయాయి.

ముందు ఆప్షన్ ఒప్పందం (కొంత సొమ్ముకు కొంతకాలం హక్కులు మీకోసం ఆపి ఉంచేది) చేసుకోండి, ఆ గడువులో స్క్రిప్టు తయారుచేసి, నమ్మకం కుదిరాకే పూర్తి సొమ్ము కట్టండి. ఒప్పందంలో ఏ భాషలు, ఎన్నేళ్లు, డబ్బింగ్, ఓటీటీ అన్నీ విడివిడిగా రాయించండి. ‘తెలుగు’ అని మాత్రమే ఉంటే రేపు తమిళ డబ్బింగ్‌కు మళ్లీ వెళ్లి అడగాలి. అమ్మేవారికి నిజంగా హక్కుందో లేదో చూపే కాగితాల వరుసను లాయరు చదవకుండా సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: ‘ఇకిరు’లో పార్కు ఉయ్యాల మీద వతనబే పాడుతుంటే మంచు కురుస్తుంది. మనకు మంచు కురవదు, ఆ పాటా మనది కాదు. ఎలా? (రాజమహేంద్రవరం)

జవాబు: పాట సంగతి ముందు. ‘ఇకిరు’లోది 1915 నాటి ‘గొండోలా నో ఉతా’, ‘బతుకు చిన్నది, ప్రేమించుకోండి’ అనే పాత పాట. అతని యౌవన కాలానికి చెందింది కనుకే గుండెను పిండుతుంది. ‘లివింగ్’లో ‘ది రోవన్ ట్రీ’ అనే స్కాటిష్ పాట పెట్టి, చనిపోయిన భార్య స్కాట్లాండ్ మనిషని ముడివేశారు. మీరు పాత సినిమా హిట్ పెట్టొద్దు, ప్రేక్షకుడికి ఆ హీరో మొహం గుర్తొస్తుంది. భార్య కొడుకును నిద్రపుచ్చుతూ పాడిన లాలిపాట చాలు. దాన్ని మొదటి సగంలో ఒకసారి, సగంలో ఆగిపోయేలా వినిపించండి.

ఇక మంచు. చాలామంది వాన పెడదామంటారు. వాన చప్పుడు చేస్తుంది, మనిషిని పరుగెత్తిస్తుంది. కురిసే మంచు చప్పుడు చేయదు, ఆయన్ను కదలనివ్వదు. గోదావరి వైపు ధనుర్మాసం తెల్లవారుజామున దిగే పొగమంచు ఆ రెండు పనులూ చేస్తుంది. అసలు షాట్‌లో కెమెరా పిల్లలెక్కే ఇనుప కమ్మీల అవతలినుంచి మెల్లగా పక్కకు జరుగుతూ ఆయన్ను చూస్తుంది, దగ్గరికి పరుగెత్తదు. పొగమంచు ఉదయాన కాసేపే చిక్కగా ఉంటుంది కాబట్టి కెమెరా నడిచే ట్రాక్ ముందురోజు సాయంత్రమే పరిచి, రిహార్సల్ చీకట్లోనే ముగించుకోండి. ఉయ్యాల గొలుసుకు నూనె మాత్రం వేయకండి. ఆ కిర్రుమన్న శబ్దమే పాటకు తాళం.