ఆదివారం నడకలు మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు, నీ ఆఫీసు స్నేహితులు కలిసి వచ్చే నెల నుంచి ఆదివారం ఉదయాల్లో కొన్ని కుటుంబాలను పిల్లాపాపలతో సహా విశాఖ చుట్టుపక్కల చోట్లకు తీసుకువెళ్ళాలనుకుంటున్నారని, ఆ చోట్ల గురించి ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయిస్తారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలకు మాల్‌లో ఏ అంతస్తులో ఏ కొట్టు ఉందో తెలుసు గాని, మద్దిలపాలెంలో బస్సెక్కితే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారానికి ఆ పూటే వెళ్ళి రావచ్చని చాలామందికి తెలియదు. తెలియజెప్పేవాళ్ళు మన ఇంట్లోంచే బయలుదేరారని నలుగురికీ చెప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నీ జాబితా సంగతి. పొద్దున కైలాసగిరి, తరవాత తొట్లకొండ, బావికొండ, మధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, తిరుగు దారిలో రుషికొండ, ఇవన్నీ ఒక్క రోజులోనేనా? వారమంతా గడియారం వెంట పరుగెత్తిన మనుషులను ఆదివారం కూడా పరుగెత్తిస్తావా? ఆరు చోట్లు తిరిగి వచ్చినవాడికి బస్సు కిటికీ గుర్తుంటుంది. ఒక్క చోట మూడు గంటలు కూర్చున్నవాడికి ఆ చోటు గుర్తుంటుంది. పూటకు ఒక చోటే పెట్టుకో. పన్నెండు మందికి మించి తీసుకువెళ్ళకు. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోగా ఇళ్ళకు చేర్చు.

నీళ్ళు, టోపీలు, బూట్లు, కట్టు కట్టే సామాను, ఎవరికైనా ఆస్తమా ఉంటే వారి మందు, ఇవి నీకు చెప్పనక్కరలేదు.

మొదటి ఆదివారం తొట్లకొండతో ప్రారంభించమని నా సలహా. పైదాకా రోడ్డు ఉంది కాబట్టి ముసలివాళ్ళూ రాగలరు. నౌకాదళం వారి సర్వే సందర్భంగా ఆ కొండ మీది బౌద్ధ విహారం శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. ఇవన్నీ బోర్డు మీద ఉంటాయి, చదివి వినిపించవచ్చు. బోర్డు మీద లేని సంగతి ఒకటి నువ్వు చెప్పాలి. ఆ భిక్షువులు జనానికి అందనంత దూరం పారిపోలేదు. భిక్షకు ఊరు కావాలి, దాతలైన వర్తకుల రాకపోకలు కావాలి, అయినా ధ్యానానికి ఊరి రొద చెవిన పడకూడదు. అంత దగ్గరగానూ, అంత దూరంగానూ ఉన్న కొండను వెతికి పట్టుకున్నారు. వానాకాలమంతా తిరుగుళ్ళు మాని విహారంలోనే ఉండిపోవడం వారి నియమం. నువ్విప్పుడు నీ తోటి ఉద్యోగులకు వెతికి పెడుతున్నది కూడా అలాంటి చోటే కదా. కొండ మీద ఒక అరగంట అందరి ఫోన్లూ సంచుల్లో పెట్టించి, భిక్షువుల గదుల పునాదుల పక్కన ఊరికే కూర్చోబెట్టు. అక్కడి నుంచి చూస్తే కింద బీచ్‌రోడ్డు మీద బస్సులు కదులుతుంటాయి గాని, వాటి హారను పైదాకా రాదు. ఆ గోడల మీద ఎవరినీ ఎక్కనివ్వకు, ఫొటో కోసమైనా సరే.

కంబాలకొండకు వెళ్ళినప్పుడు అటవీ శాఖ వారి టిక్కెట్టు తీసుకుని, వారు చూపిన బాటలోనే నడవండి. అది 2002లో అభయారణ్యమైంది. డెబ్భై చదరపు కిలోమీటర్ల అడవి జాతీయ రహదారిని ఆనుకుని ఉండటం మన ఊరి అదృష్టం. చిరుతలున్న అడవి అని పిల్లలకు చెప్పు, భయపెట్టడానికి కాదు, గొంతు తగ్గించడానికి. సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి కూడా అడిగావట. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు ముప్ఫై రెండు కిలోమీటర్లు లక్షల మందితో కలిసి నడవడం గొప్ప అనుభవమే, నేనూ నడిచాను. కాని అది భక్తి కోసం నడిచే నడక, నువ్వు కోరుకునే ఏకాంతం అందులో దొరకదు. దానికి బదులు పండగలూ పబ్బాలూ లేని రోజు చూసుకుని మాధవధార వైపు మెట్లదారి కనుక్కో. దిగివచ్చాక అనాసపండ్లు, సంపెంగలు కొనుక్కోండి. కొండ మీద పండించిన వాళ్ళకు నాలుగు డబ్బులు మిగలడం కూడా నీ కార్యక్రమంలో భాగం కావాలి.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. ఈ ఉత్తరం రాయించింది అవే.

నువ్వు పుట్టకముందు, మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. ప్రకృతి అంటే ప్రాణం, పదిమందికి చూపించాలన్న తపన. ఒకసారి పెద్ద బస్సు మాట్లాడి, వీధి వీధంతా ఎక్కించి, దిబ్బలకు తీసుకువెళ్ళారు. నేనూ వెళ్ళాను. బస్సెక్కేటప్పుడు తలలు లెక్కపెట్టారు. భీమిలిలో భోజనాలయ్యాయి, ఆలస్యమైంది, దిబ్బల దగ్గర దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ మాత్రం లెక్క చూడలేదు. పిల్లలు అప్పటికే ఆ ఎర్రటి లోయల్లోకి దిగిపోయారు. పెద్దలు జీడిమామిడి నీడన చాపలు పరిచారు. వానాకాలం మొదట్లో రోజులవి. పడమర మబ్బు కమ్ముతోందని ఎవరో అన్నారు. ఇంకా టైముందిలే అని ఇంకెవరో అన్నారు.

లోపలికి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది ఆ చోటు ఎంత మాయ చేస్తుందో. రెండు పక్కలా మనిషికి ఎన్నో రెట్ల ఎత్తున ఎర్రటి గోడలు. మలుపు తిరిగితే అలాంటివే మరో రెండు గోడలు. సముద్రం అంత దగ్గరలో ఉన్నా కనిపించదు, దాని హోరు ఏ వైపు నుంచి వస్తున్నదో పోల్చుకోలేము. గోడ మీద అరచేయి ఆనిస్తే ఇసుక చేతికి అంటుకుని జారుతుంది. పైనుంచి చెట్ల వేళ్ళు గాలిలోకి వేలాడుతుంటాయి, కింద నిన్నటిదాకా వాటిని పట్టుకున్న మట్టి ఇవాళ ఉండదు. అరిస్తే గొంతు ఆ గోడల్లోనే ఇంకిపోతుంది. బయలుదేరుదామనుకున్న వేళకు ఎదురింటి వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లవాడు కనిపించలేదు. తక్కిన పిల్లలను అడిగితే తలొక మలుపు చూపించారు. పెద్దలు తలొక వైపు పరుగెత్తారు. ఆ పరుగులో వెతికేవాళ్ళూ తప్పిపోయారు, వాళ్ళను వెతకడానికి మరికొందరు. వాన మా మీద పడనే లేదు. ఎగువన ఎక్కడో పడింది. నేను నిలబడిన లోయ అడుగున పొడిగా ఉన్న ఇసుక మీద ముందు వేలెడు వెడల్పున ఎర్రటి నీటి పాయ ఒకటి వచ్చింది. చూస్తుండగానే చీలమండలకు వచ్చింది. అవతల ఒక గోడ అంచు చప్పుడు లేకుండా కూలింది. అంతకు ముందు గంటసేపు మా పిల్లలు పైనుంచి కిందికి జారుతూ ఆడుకున్నది సరిగ్గా ఆ గోడ మీదనే.

పిల్లవాడు దొరికాడు. మేకలు కాసే ఆయన ఒకడు వాడిని భుజాన ఎత్తుకుని గట్టు మీదుగా తీసుకువచ్చాడు. వాడు దారి తప్పానని తెలియగానే తిరగడం మానేసి ఒక తాటిచెట్టు కింద కూర్చుండిపోయాడట. అందుకే దొరికాడు. వాళ్ళ అమ్మ వాడిని కొట్టబోయి, కొట్టలేక, ఒళ్ళో పెట్టుకుని ఆ ఎర్రటి బురదలోనే కూర్చుంది. మేకలాయన మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఆకాశం చూడడం రాని వాళ్ళు పిల్లలను ఎందుకు తెస్తారని, గట్లు తొక్కి కూలదోసి పోతే మళ్ళీ వాటిని ఎవరు పోస్తారని నిలదీశాడు. ఆ పెద్దాయన ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ తరవాత ఆయన ఎవరినీ ఎక్కడికీ తీసుకువెళ్ళలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. ఆయనకు తెలిసినన్ని చోట్లు, ఆయన చెప్పగలిగినంత అందంగా, మా వీధిలో ఇంకెవరికీ తెలియవు. ఒక్క మధ్యాహ్నంతో అవన్నీ ఆయనలోనే ఉండిపోయాయి. నీకు అలా జరగకూడదు, అమ్మడూ.

కాబట్టి ఇవి కచ్చితంగా పాటించు. మబ్బు ఉన్న రోజున గాని, ముందు రోజు వాన పడి ఉంటే గాని, ఆ లోయల్లోకి దిగవద్దు. గెడ్డలో, అంటే లోయ అడుగున పారే వాగులో, నీళ్ళు రావడానికి మన నెత్తిన వాన పడనక్కరలేదు. లోపలికి దిగేముందు ఒకసారి, ప్రతి మలుపు దగ్గర ఒకసారి తలలు లెక్కపెట్టు. ముందు నువ్వు నడిస్తే, అందరికంటే వెనుక నమ్మకమైన మనిషి ఒకరు నడవాలి, ఆ మనిషిని దాటి ఎవరూ వెనుక ఉండకూడదు. దారి తప్పితే ఉన్నచోటనే కూర్చోవాలని పిల్లలకు బస్సులోనే చెప్పి, వాళ్ళ చేత తిరిగి చెప్పించు. ఒక్కొక్కరి మెడలో ఒక ఈల వేయి. ముందురోజే వెళ్ళి ఆ దారి నడిచి చూసుకో, ప్రవేశానికి ఆంక్షలేమైనా ఉన్నాయేమో కనుక్కో. గట్ల అంచుల మీదికి ఎవరూ ఎక్కకూడదు, జారకూడదు.

అంచుల సంగతి ప్రాణభయంతో మాత్రమే చెప్పడం లేదు. సముద్రమట్టం ఇప్పటికంటే బాగా కిందికి ఉన్న కాలంలో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్ళుగా గాలికీ నీటికీ ఎర్రబడ్డాయి. వాన ఆ దిబ్బలను కోసుకుంటూ ఈ లోయలను చెక్కింది. ఇంతటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మనకు, తమిళనాడుకు, శ్రీలంకకు మాత్రమే దక్కాయి. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. ఇంత పేరున్నా అది పూర్తిగా గట్టిపడని ఇసుకే. ఒక పిల్లవాడు సరదాగా జారిన జాడ ఒక వానకు చిన్న కాలువ అవుతుంది, రెండు వానలకు గోడ పడిపోతుంది.

సముద్రం గురించి రాయకుండా ఉండలేను, నవ్వుకున్నా సరే. ఈ ఊళ్ళో ఉంటున్నవాళ్ళకు సముద్రం బాగా తెలుసుననే ధీమా ఉంటుంది. మన తీరంలో చాలాచోట్ల ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి. అటూ ఇటూ కెరటాలు విరుగుతుండగా మధ్యలో నీళ్ళు నిమ్మళంగా కనిపించే పాయ ఉంటే, పిల్లలు అక్కడే దిగుతామంటారు, చాలాసార్లు ప్రవాహం పోయే దారి అదే. అందులో చిక్కినవాళ్ళు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతారు. తేలుతూ చెయ్యి ఎత్తాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ తరవాత ఒడ్డుకు రావాలి. ఇది అందరికీ నేర్పు, నేర్పినా నీళ్ళలోకి మాత్రం దించకు. మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం చూపించాలనుకుంటే, నీరు తీసి ఉన్న వేళ ఎప్పుడో అక్కడి మత్స్యకారులను అడిగి తెలుసుకో. వాళ్ళు వద్దంటే తిరిగి వచ్చేయి. వలలు, తెప్పలు ఆరబెట్టుకునే చోట మన చాపలు పరచవద్దు. అది వాళ్ళ పని చేసుకునే చోటు.

నీ పుస్తకంలో చోట్ల అందం ఎంతైనా రాయి, నీకు ఆ చెయ్యి ఉంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, నీ చిన్నప్పుడు, గౌనులో గవ్వలు నింపుకుని, అందులో ఒకటి కదులుతోందని ఏడుస్తూ వెనక్కి వెళ్ళి దాన్ని నీటిలో విడిచి వచ్చావు. ఆ పిల్ల రాసే పుస్తకం ఎలా ఉంటుందోనని నాకు ఆరాటంగా ఉంది. అయితే కొన్ని విషయాలు అచ్చులో పెట్టకు. చలికాలంలో తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తావులు, కంబాలకొండలో పక్షుల గూళ్ళు, భీమిలిలోని డచ్చివాళ్ళ సమాధుల్లో ఏ రాయి వదులుగా ఉందో, ఇవి నీతో నడిచినవాళ్ళకు చూపితే చాలు. పుస్తకం చదివి, నువ్వు లేకుండా, వంద బైకులు వస్తాయి. వాళ్ళను నువ్వు ఆపలేవు. ఎక్కడికి ఎలా వెళ్ళాలో రాసినంత వివరంగా, అక్కడ ఏం చేయకూడదో కూడా ప్రతి పేజీలోనూ రాయి. చివర్లో ఒక్కచోట సూచనలని పెడితే ఎవరూ చదవరు.

జాబితా మళ్ళీ రాసి పంపు. మొదటి ఆదివారం తొట్లకొండ అయితే నేనూ వస్తాను. వెనుక నడిచే మనిషి పని నాకు ఇయ్యి, ఎలాగూ నా నడక ఇప్పుడు అంతే. మీ అత్త పులిహోర, దద్ధోజనం చేసి ఇస్తానంటోంది, ఆకులు కూడా తనే సర్దుతుందట, ప్లాస్టిక్ పళ్ళేలు కొనకండి. బస్సు మాట్లాడేముందు ఒక్కసారి ఫోను చెయ్యి.

ఇట్లు,
మామయ్య