రిపోర్టులో ‘చూశాను’ అని రాసేటప్పుడు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. టైము, షిఫ్టు, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారు, అన్నీ పద్ధతిగా రాశావు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఇంత శ్రద్ధ చూపిస్తే సంతోషం కాక ఏముంటుంది! ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. స్లింగ్ (బరువులెత్తడానికి కట్టే తాడు) జారి ప్లేట్ల కట్ట కింద పడిందని చెబుతూ ‘ఐ వాచ్‌డ్ ద బండిల్ ఫాల్’ అన్నావు. నా కళ్లముందే పడిందని నీ ఉద్దేశం. కానీ కట్ట జారుతున్నంతసేపూ నువ్వు అలా చూస్తూ నిలబడ్డావని ఆ మాటలో ధ్వనిస్తుంది. రేపు ఎంక్వైరీలో ‘చూస్తూనే ఉన్నావుగా, ఆపమని ఎందుకు అరవలేదు?’ అని ఎవరైనా అడగొచ్చు. ‘ఐ సా’ అని రాసి ఉంటే ఆ ప్రశ్నకు చోటే ఉండదు.

హార్బర్‌లో సేఫ్టీ పని చేసినన్నాళ్లూ ఇలాంటి రిపోర్టులు చదవడమే నా పని. సీ, లుక్, వాచ్ మూడూ మనకి ‘చూడటమే’ కదా అని చాలామంది ఏది తోస్తే అది రాసేస్తారు. నిజానికి ఈ తేడా మన తెలుగులోనే ఉంది. బీచ్ రోడ్డులో నడుస్తుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడుతుంది. నువ్వు పనిగట్టుకుని చూడక్కర్లేదు, అది సీ. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆగి కావాలని అటు చూపు తిప్పితే లుక్. టగ్గులు, అంటే ఓడల్ని లాగే చిన్న పడవలు, ఓ పెద్ద ఓడని మెల్లగా హార్బర్ ఛానల్‌లోకి తెస్తుంటే కాసేపు అదేపనిగా చూస్తూ ఉంటే వాచ్. ‘నాకు కనబడింది’ అనగలిగితే సీ వాడు, ‘అటు చూశాను’ అయితే లుక్, ‘చూస్తూ ఉన్నాను’ అయితే వాచ్. వినబడటానికీ వినడానికీ మధ్య ఉన్నది కూడా ఇదే తేడా: హియర్, లిజన్.

వాచ్‌లో కాపలా అర్థం కూడా ఉందని మర్చిపోకు. ఓడల మీద డ్యూటీనే వాచ్ అంటారు, మామూలుగా నాలుగేసి గంటలు. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఐదోది, ప్రతి ఓడా అన్నివేళలా చూపుతోనూ వినికిడితోనూ సరైన లుకౌట్ పెట్టాలంటుంది. నిఘా అంటే ఒక్కసారి చూసి వదిలేయడం కాదు కదా. అందుకే రిపోర్టులో వాచ్ అని రాస్తే బాధ్యత కూడా నీ మీద పడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని నిదానంగా చదువు. సా తర్వాత వచ్చే క్రియకి ‘ఇంగ్’ ఉందా లేదా అన్నదాన్ని బట్టి నీ సాక్ష్యమే మారిపోతుంది. 2005 ఏప్రిల్ 5న మన విశాఖ స్టేడియంలో ధోనీ పాకిస్థాన్ మీద 148 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్ మొదటి బంతి నుంచి ఔటయ్యేదాకా చూసినవాడు ‘ఐ సా ధోనీ స్కోర్ 148’ అనొచ్చు. మధ్యలో రెండు ఓవర్లు చూసి పనిమీద పోయినవాడు ‘ఐ సా ధోనీ బ్యాటింగ్’ అనాలి. ఇప్పుడు మీ యార్డుకి రా. ‘ఐ సా హిమ్ క్రాస్ ద ట్రాక్’ అంటే అతను ఈ పక్క నుంచి ఆ పక్కకి పూర్తిగా దాటడం నువ్వు చూశావు. ‘క్రాసింగ్’ అంటే దాటుతుండగా చూశావు, దాటాడో మధ్యలో వెనక్కి వచ్చాడో నువ్వు చెప్పడం లేదు. ఎంతవరకు చూశావో అంతే రాయి.

మన ‘చూశాను’ని ఎక్కడపడితే అక్కడ సా చేసినా చిక్కే. ‘వాల్వ్ చూశాను సార్’ అంటే మన దగ్గర లీకేజీ ఉందేమో చూశానని అందరికీ అర్థమవుతుంది. ‘ఐ సా ద వాల్వ్’ అంటే మాత్రం వాల్వ్ కంటపడిందని, అంతే. అక్కడ ‘చెక్‌డ్’ రాయాలి. చెక్‌లిస్టు పట్టుకుని ఒక్కొక్కటీ చూసి సంతకం పెడితే ‘ఇన్‌స్పెక్టెడ్’. కంటపడ్డది మనసుకెక్కితే ‘నోటీస్‌డ్’, అదేపనిగా గమనిస్తే ‘అబ్జర్వ్‌డ్’. ‘విట్‌నెస్‌డ్’ బరువైన మాట, సాక్ష్యం చెప్పడానికి సిద్ధమైతేనే వాడు.

గ్లాన్స్, గ్లింప్స్ కూడా కలిపేస్తుంటారు. గ్లాన్స్ మనం విసిరే చూపు, గ్లింప్స్ మనకి దొరికే చూపు. చందనోత్సవం నాడు సింహాచలంలో గంటల తరబడి క్యూలో నిలబడితే అప్పన్న నిజరూపం క్షణకాలం కనబడుతుందే, అదీ గ్లింప్స్.

చిన్నవి కొన్ని. లుక్ తర్వాత ఎట్ ఉండాలి, ‘లుక్‌డ్ ఎట్ ద గేజ్’. సీకీ వాచ్‌కీ ఎట్ అక్కర్లేదు. ‘ఓడ కనబడుతోంది’ అనడానికి ‘ఐ కెన్ సీ’ అనాలి, ‘ఐ యామ్ సీయింగ్’ కాదు. ‘ఐ యామ్ సీయింగ్ మై మేనేజర్’ అని ఎప్పుడో చెప్పకుండా ఊరికే అనేయకు, ప్రేమ వ్యవహారం అనుకుంటారు. ‘టుమారో’ చేరిస్తే అపాయింట్‌మెంట్ అని తెలుస్తుంది. మెయిల్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యూ’ అని పెడుతున్నావు, అది ‘సీయింగ్ యూ’.

ఓవర్‌సీ, ఓవర్‌లుక్ దగ్గర మరీ జాగ్రత్త. మొదటిది పని దగ్గరుండి చూసుకోవడం, రెండోది చూడకుండా వదిలేయడం. మీ ఇన్‌చార్జి లిఫ్టింగ్ పనిని ‘ఓవర్‌లుక్‌డ్’ అని రాస్తే, పాపం పక్కనే నిలబడి చేయించినవాడిని నిర్లక్ష్యం చేశాడన్నట్టు అవుతుంది. ‘ఓవర్‌సైట్’ ఈ రెండు అర్థాల్లోనూ వస్తుంది కాబట్టి రిపోర్టులో ఆ మాట జోలికే పోవద్దు. ‘సూపర్‌వైజ్‌డ్’ అను, లేదా ‘మిస్‌డ్’ అను.

ఆ ప్లేట్ల రిపోర్టు ఇంకా పైకి పోలేదన్నావు కాబట్టి వాచ్‌డ్ తీసేసి సా పెట్టు. రెండో పేరాలో ‘సా ద స్లింగ్ బిఫోర్ లిఫ్టింగ్’ అన్నావు. నువ్వు స్లింగ్‌ని చేత్తో పట్టుకుని, ట్యాగ్ చదివి చూశావా, లేక దూరం నుంచి కంటపడిందా? చేత్తో పట్టుకుని చూసి ఉంటే చెక్‌డ్ అని మార్చు, లేకపోతే సా అలాగే ఉంచు. మార్చాక ఒకసారి నాకు పంపు, రాత్రి పడుకునేలోగా చదివి చెబుతాను.

మీ మావయ్య