బిల్డ్ పనిలో వేశారని బెంగ పడకండి

ప్రశ్న: బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మాది పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్. కోడ్‌ను కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా తయారుచేసే పనిని, అంటే బిల్డ్‌ను, మేక్ అనే టూల్ చేస్తుంది. దానికోసం రాసే మేక్‌ఫైళ్లు ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నాయి. ఇంతలో అంతా సీమేక్, నింజా అనే వేరే టూల్స్‌కు మారుస్తున్నారు. ఆ పనిలో నన్నూ వేశారు. కోడింగ్‌కు దూరమైపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. వేరే టీమ్ అడగమంటారా?

జవాబు: ఇప్పుడే అడగొద్దమ్మా. ఆ ప్రాజెక్టులో పదేళ్లుగా ఉన్నవాళ్లకూ ఈ బిల్డ్ కొత్తదే. సీనియర్లతో కలిసి ఒకే గీత దగ్గర మొదలుపెట్టే అవకాశం ఫ్రెషర్లకు అరుదుగా వస్తుంది. పైగా మామూలుగా అయితే మీకు ఇచ్చిన నాలుగు ఫైళ్లే చూస్తారు. ఇక్కడ ఏ లైబ్రరీ దేనిమీద ఆధారపడిందో, ఏ ఫైలు ఎక్కడ తయారవుతుందో మొత్తం చూడక తప్పదు.

మేక్ మీద పెట్టిన కష్టం కూడా ఎక్కడికీ పోదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పటి ఆలోచనే నింజాలోనూ ఉంది: ఏది మారిందో చూడు, దానిమీద ఆధారపడిన వాటినే మళ్లీ తయారు చెయ్యి. సీమేక్ మాత్రం తనంతట తాను ఏదీ కంపైల్ చేయదు. మీరు రాసిన వివరాలు చదివి నింజాకు కావలసిన ఫైలు రాసిస్తుంది, అంతే. ఈ తేడా తెలియకపోతే ఎర్రర్ ఎక్కడిదో తేల్చలేక రోజులు పోతాయి.

ఇక పని విషయం. పాత మేక్‌ఫైల్లోని లైన్లను ఒక్కొక్కటిగా సీమేక్‌లోకి మార్చి రాయకండి. ఈ లైబ్రరీకి ఏం కావాలి, దీన్ని వాడేవాళ్లకు ఏం అందాలి అని టార్గెట్ వారీగా, అంటే తయారయ్యే ఒక్కో లైబ్రరీ, ప్రోగ్రామ్ వారీగా ఆలోచించి రాయండి. రెండు బిల్డులూ కొన్నాళ్లు పక్కపక్కనే నడవనివ్వండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు 2023లో 16వ వెర్షన్‌లో మెసన్ అనే మరో బిల్డ్ టూల్ తెచ్చినప్పుడు పాత మేక్‌ను వెంటనే తీసేయలేదు. మరుసటి ఏడాది 17వ వెర్షన్‌లో తీసేసింది విండోస్ కోసం విడిగా ఉన్న పాత స్క్రిప్టులనే.

బిల్డ్ ఆగకుండా పూర్తయితే చాలనుకోకండి. నేను డెవలపర్‌గా ఉన్న రోజుల్లో ఒక సంస్థలో ఇదే మార్పు చేశాం. అన్నీ కంపైల్ అయ్యాయి, టెస్టులూ పాసయ్యాయి. కానీ ప్రోగ్రామ్ నత్తనడక నడిచింది. రెండు రోజులు మా కోడ్‌నే అనుమానించాం. చివరికి చూస్తే బిల్డ్ టైప్, అంటే తప్పులు వెతకడానికా, విడుదలకా అన్నది ఇవ్వడం మర్చిపోయాం. మేక్, నింజాల కోసం ఫైళ్లు రాసేటప్పుడు అది ఇవ్వకపోతే ప్రోగ్రామ్ వేగంగా నడిచేలా చేయమని కంపైలర్‌కు చెప్పే ఆప్టిమైజేషన్ ఫ్లాగులను సీమేక్ తనంతట పెట్టదు. పాత మేక్‌ఫైల్లో అవి ఎప్పుడో ఎవరో రాసి పెట్టారు కాబట్టి మాకెవరికీ గుర్తే లేదు. అందుకే ఒకే ఫైలుకు పాత, కొత్త కంపైల్ కమాండ్లను పక్కపక్కన పెట్టి చూడండి. మేక్‌కు మైనస్ ఎన్ ఇస్తే ఏదీ నడపకుండానే కమాండ్లు చూపిస్తుంది. నింజాకు మైనస్ వీ ఇస్తే నడిపే కమాండ్‌ను పూర్తిగా చూపిస్తుంది. ఏమీ మార్చకపోయినా ఒక ఫైలు మళ్లీ మళ్లీ కంపైల్ అవుతుంటే నింజాకే మైనస్ డీ ఎక్స్‌ప్లెయిన్ ఇవ్వండి, కారణం చెబుతుంది. దొరికిన ప్రతి తేడానూ ఒకచోట రాసిపెట్టండి. నెల తిరిగేసరికి టీమంతా మిమ్మల్నే అడుగుతారు.

మీ భయంలో నిజం లేకపోలేదు. బిల్డ్ బాగా తెలిసినవాళ్లను బిల్డ్‌కే కట్టేసే టీములు ఉంటాయి. కాబట్టి ఈ పని ఎప్పటికి పూర్తవుతుందో మీ మేనేజర్‌ను ఇప్పుడే అడగండి. ప్రతి స్ప్రింట్‌లో ఒక బగ్ అయినా అసలు కోడ్‌లో నాకివ్వండి అని మెయిల్‌లో రాయండి. మార్పు పూర్తయి మూడు నెలలు గడిచినా వేరే పని ఇవ్వకపోతే, అప్పుడు టీమ్ మార్పు అడగండి. అప్పుడు నేనూ మీకు అదే చెబుతాను.