జిస్-110 కథ పంపిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

సోవియట్ నాయకుల కారు జిస్-110 మీద మీరు రాసిన కథ అందింది. మంచు కురుస్తుండగా క్రెమ్లిన్ బయట ఆగి ఉన్న బండిని చూపిన మొదటి పేరా బాగుంది. అయితే మూడో పేజీలో, 1949లో, మీ డ్రైవరు జిస్-110 ఎక్కి బటన్ నొక్కి గేరు మార్చిన చోట కాగితాలు పక్కన పెట్టేశాను. బటన్ల గేర్లు 1958లో తయారీకి వచ్చిన జిల్-111 కారువి, ఆ తర్వాత వచ్చిన చైకా కారువి. జిస్-110లో స్టీరింగు పక్కన గేరు రాడ్డు ఉండేది. క్లచ్ తొక్కి, మూడు గేర్లూ చేత్తో మార్చుకోవలసిందే. మీ కథకు ప్రాణమైన ఆ చేతినే మీరు లేకుండా చేశారు.

'బండి నిశ్శబ్దంగా కదిలింది' అని రాశారు. ఆ నిశ్శబ్దం ఎలా వచ్చింది? ఆరు లీటర్ల ఇంజనులో ఎనిమిది సిలిండర్లూ ఒకే వరుసలో ఉండేవి. బానెట్ అంత పొడవుగా సాగడానికి దర్పం ఒక్కటే కారణం కాదు. వాల్వుల దగ్గర మిగిలే సందును నూనె ఒత్తిడే పూడ్చేది కాబట్టి టకటకమనే చప్పుడు ఉండేది కాదు. తలుపుల అద్దాలు కూడా హైడ్రాలిక్ ఒత్తిడితోనే పైకి లేచేవి. పని తెలియని రచయితే విశేషణాల కోసం వెతుక్కుంటాడని నా గట్టి నమ్మకం.

ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక లారీ డ్రైవరు కథ రాశాను. అతను ఘాట్ రోడ్డు మీద డబుల్ క్లచ్ వేసే, అంటే ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కే అరపేజీని సంపాదకుడు 'ఇది మెకానిక్కుల పత్రిక కాదు' అంటూ కొట్టేసి, ఆ చోట సూర్యాస్తమయం పెట్టించాడు. అచ్చయిన కథను షెడ్డులో చదివి వినిపిస్తే, ఒక క్లీనరు 'మరి బండి ఘాటు ఎలా ఎక్కిందండీ?' అని అడిగాడు. ఆ సంపాదకుణ్ణి నేటికీ క్షమించలేదు.

అమెరికా కార్ల కంపెనీ ప్యాకార్డ్ నుంచి బాడీ రేకులు ఒత్తే అచ్చులు కొనితెచ్చి ఈ కారు చేశారని మీ పాత్ర అంటుంది. రూపంలో పోలిక ఉన్న మాట నిజమే. కానీ తయారుచేసే కార్లు కొద్దే కాబట్టి, ఖరీదైన ఉక్కు అచ్చులకు బదులు జింకు, అల్యూమినియం మిశ్రమంతో మాస్కో కర్మాగారంలోనే అచ్చులు పోసుకున్నారు. యుద్ధం ముగియకముందే మొదలైన పని అది. కొన్నారన్న పుకారు కన్నా ఇదే పెద్ద కథ కాదా?

మూడో పేజీ మళ్లీ రాయండి. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి గేరు కుడిచేత్తో మార్చాలి. ఆ చలిలో అతని చేతికి తొడుగు ఉందో లేదో కూడా చెప్పండి.