డైరీ మారిస్తే చాలదమ్మా, ఇంట్లో అప్పగింత ఉండాలి

ప్రశ్న: నా వయసు 39. తిరుపతిలో రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఒక వారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, మరో వారం మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా డ్యూటీ. మా ఆయన కొండకు ట్యాక్సీ నడుపుతారు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఏటా జనవరి 1న కొత్త డైరీ కొని టైంటేబుల్ రాసుకుంటాను. నాలుగున్నరకు లేవడం, వాకింగ్, ధ్యానం, స్పోకెన్ ఇంగ్లీషు, ఖర్చులు రాయడం, పదికల్లా పడుకోవడం. సంక్రాంతి లోపలే అన్నీ ఆగిపోతాయి. పాత డైరీలు ఎవరి కంటా పడకుండా బీరువాలో చీరల కింద పెడుతున్నాను. మొన్న పాప పరీక్ష ఫీజు గడువు మరిచిపోయి ఫైన్ కట్టాం. అప్పుడు మా ఆయన బంధువుల ముందే "దీనికి ఒక పద్ధతీ పాడూ లేదు" అన్నారు. బీపీ మాత్ర కూడా వారంలో సగం రోజులు మరిచిపోతున్నాను. కొన్నాళ్లుగా ఏ పనీ ముట్టుకోబుద్ధి కావడం లేదు. వచ్చే ఏడాదైనా నేను దారిలో పడాలంటే ఏం చేయాలి?
ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో టైంటేబుల్ సంగతి కంటే చీరల కింద దాచిన డైరీల మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏదో తప్పు చేసినట్టు వాటిని దాచుకుంటున్నారు. మీ ఆయన నలుగురిలో అన్న మాటను మీరు కూడా నిజమని నమ్మేశారు. ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే నేను ఆ మాట ఒప్పుకోను.

లాడ్జిలో డ్యూటీ దిగేటప్పుడు మీరు ఏం చేస్తారో ఒకసారి తలుచుకోండి. కౌంటర్‌లో నగదు లెక్కపెడతారు. ఏ గది ఖాళీ అయింది, ఏ గదికి అడ్వాన్సు ఇంకా రావాలి, ఎవరి ఆధార్ జిరాక్సు తీసుకోలేదు, తెల్లవారుజామున దర్శనానికి వెళ్లాలి లేపమని ఏ గదివాళ్లు చెప్పారు, అన్నీ రిజిస్టర్‌లో రాస్తారు. తర్వాత డ్యూటీకి వచ్చిన మనిషికి చూపించి, సంతకం పెట్టి, తాళాలు అప్పగించి బయటికి వస్తారు. ఒక గదివాళ్లను లేపడం మరిచిపోతే వాళ్ల దర్శనం టైమే పోతుంది. ఆ పని మీరు ఏళ్ల తరబడి చేస్తున్నారు. పద్ధతి లేని మనిషి ఆ కౌంటర్‌లో నెల రోజులు కూడా నిలవదు.

మరి అదే మనిషి ఇంట్లో ఫీజు గడువు ఎందుకు మరిచిపోయింది? లాడ్జిలో మీరు ఏదీ తలలో మోయడం లేదు కాబట్టి. అక్కడ రాసే చోటు ఒకటి ఉంది, రాసే వేళ ఉంది, అన్నిటికంటే ముఖ్యం, అందుకునే మనిషి ఉన్నారు. ఇంట్లో ఈ మూడూ లేవు. బాబు రికార్డు నోట్సు, అత్తమ్మ కంటి చుక్కలు, చీటీ డబ్బులు, గ్యాస్, పాప ఫీజు, మీ మాత్ర, అన్నీ మీ ఒక్కరి తలలోనే. అందులోంచి ఒకటి జారిపోతే అది మీ తప్పు అవుతోంది, జారనివన్నీ ఎవరి లెక్కలోనూ లేవు. మీకు కొత్త టైంటేబుల్ అక్కర్లేదు. మీ ఇంటికి ఒక అప్పగింత కావాలి.

మీరు రాసుకున్న టైంటేబుల్ గురించి కూడా నిజం చెప్పాలి. రెండో షిఫ్టు వారంలో మీరు ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని, గిన్నెలు సర్ది నడుం వాల్చేసరికి పదకొండున్నర అయినా అవుతుంది. అప్పుడు పడుకుని నాలుగున్నరకు లేవడమంటే ఐదు గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు నిద్ర ఉండాలని డాక్టర్లు చెప్తారు. అందులోనూ మీకు బీపీ ఉంది, నిద్ర తక్కువైతే దానికీ మంచిది కాదు. ఆ టైంటేబుల్ రోజూ ఒకే వేళకు ఇంట్లో ఉండే మనిషి కోసం రాసింది. మీకు వారం విడిచి వారం రోజు తలకిందులవుతుంది. కాబట్టి గడియారం టైముకు ఏ అలవాటునూ కట్టకండి. రెండు వారాల్లోనూ ఎలాగూ జరిగే పనికి కట్టండి. నిద్ర లేచాక మొదటి కాఫీ ఏ షిఫ్టులోనైనా ఉంటుంది. డ్యూటీకి చీర మార్చుకోవడం ఉంటుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోవడం ఉంటుంది. పట్టుకోదగ్గ వేళలు అవే.

ఇక జనవరి 1. మన ఊరిలో బతికేవాళ్లకు, అందులోనూ లాడ్జిలో, ట్యాక్సీలో పనిచేసేవాళ్లకు, కొత్త అలవాటు మొదలుపెట్టడానికి ఏడాదిలో ఇంతకంటే కాని రోజు ఇంకోటి లేదు. ధనుర్మాసం, కొత్త సంవత్సరం రద్దీ, ఆ చుట్టుపక్కలే వచ్చే వైకుంఠ ఏకాదశి, పది రోజుల వైకుంఠ ద్వార దర్శనం, వెనకే సంక్రాంతి సెలవులు. ఆ రోజుల్లో మీకు వారానికొక్క సెలవు కూడా దొరికి ఉండదు, మీ ఆయన బండి దిగి ఉండరు. అలాంటి రెండు వారాల్లో వాకింగ్ ఆగిపోయిందని ఏటా మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. ఈసారి కనుమ పండగ వెళ్లనివ్వండి. ఆ తర్వాతి వారం మీకు సెలవు వచ్చిన రోజున మొదలుపెట్టండి. ఎండాకాలం సెలవుల రద్దీ, బ్రహ్మోత్సవాల రోజులు వచ్చినప్పుడు మళ్లీ పట్టు సడలుతుంది. అది ముందే తెలుసు కాబట్టి, ఆ రోజుల్లో మాత్ర, అప్పగింత, ఈ రెండే ఉంచుకుని మిగతావి ఆపేస్తామని ఇప్పుడే అనుకోండి.

అప్పగింత ఎలా ఉండాలో చెప్తాను. కొత్త డైరీ కొనకండి. బీరువాలోంచి పోయిన ఏడాది డైరీ బయటికి తీయండి, రాయని పేజీలు ఎలాగూ బోలెడు ఉంటాయి. తేదీలు కొట్టేసి వాడుకోవచ్చు. గోడమీద తెలుగు క్యాలెండరు ఎక్కడ వేలాడుతోందో దాని కిందే, అందరి కంటా పడేలా పెట్టండి. పెన్నుకు దారం కట్టి అక్కడే ఉంచండి, లేకపోతే బాబు స్కూలుకు పట్టుకెళ్తాడు. డ్యూటీకి బయల్దేరే ముందు నాలుగు లైన్లు రాయండి. పొద్దుటి షిఫ్టు వారంలో మీరు వెళ్లేటప్పటికి అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి ముందురోజు రాత్రి అన్నం తిన్నాక రాయండి. ఇలా ఉంటే చాలు:

బుధవారం. గ్యాస్ బుక్ చేయాలి, నాన్న. బాబు సైన్సు రికార్డుకు అట్ట, పాప కాలేజీ నుంచి వచ్చేటప్పుడు. అవ్వ కంటి చుక్కలు, అమ్మ. ఎర్రగడ్డలు అయిపోయాయి, బాబు.

ప్రతి పని పక్కనా ఒక మనిషి పేరు ఉండాలి, అన్నిటి పక్కనా "అమ్మ" అని ఉండకూడదు. చేసినవాళ్లే టిక్కు పెట్టాలి. రాత్రి మీరు వచ్చి ఆ పేజీ చూస్తే చాలు, ఒక్కొక్కరినీ లేపి అడగక్కర్లేదు. టిక్కు లేని పని మర్నాటి పేజీలోకి వెళ్తుంది, అదే మనిషి పేరుతో. మీరు లేచి చేసేయకండి. ఇది మీకు అన్నిటికంటే కష్టమైన భాగం అవుతుందని నాకు తెలుసు. ఒకరోజు ఎర్రగడ్డలు లేకుండా కూర వండుకుంటే వండుకుంటారు.

డబ్బు కట్టాల్సిన తేదీలకు మాత్రం క్యాలెండరే మేలు. పాల లెక్క రాసుకునే గడుల్లోనే చీటీ, కరెంటు బిల్లు, ఎల్ఐసీ, ఫీజులు ఎర్ర పెన్నుతో రాయండి. అయితే గడువు తేదీన కాదు, దానికి ఐదు రోజుల ముందు గడిలో. గడువు రోజు కనబడితే టెన్షన్ తప్ప చేయగలిగింది ఉండదు. వారానికొక్కసారి, మీకు సెలవు ఉన్న సాయంత్రం, ఇంట్లో అందరూ ఆ క్యాలెండరు ముందు పదిహేను నిమిషాలు కూర్చోండి. లాడ్జి వాళ్లకు శని, ఆదివారాలు సెలవు దొరకదు కదా, మంగళవారమైనా బుధవారమైనా సరే, ఆ రోజే మీ ఇంటి ఆదివారం.

పాప ఫీజు గురించి ఒక మాట. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల తన పరీక్ష ఫీజు గడువు తను చూసుకోగలదు. కాలేజీలో నోటీసు చదివేది తను, ఇంటికొచ్చి చెప్పాల్సిందీ తనే. ఇప్పుడు పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇంటి పనులు తన మీద ఎక్కువ వేయకండి. కానీ తన చదువుకు సంబంధించిన తేదీలు, హాల్ టికెట్ సహా, తన చేతే క్యాలెండరులో రాయించండి. వచ్చే ఏడాది ఎక్కడో హాస్టల్లో ఉండాల్సి వస్తే ఈ అలవాటే తనను కాపాడుతుంది. బాబుకు ఎనిమిదో తరగతి, అంగడికి వెళ్లి రావడం, తన సంచి తను సర్దుకోవడం వాడికి భారం కాదు. ఆడపిల్లకు చెప్పి మగపిల్లవాణ్ని వదిలేయకండి.

అత్తమ్మను ఈ పుస్తకానికి బయట ఉంచొద్దు. కోడలు రాసి పెడితే తాను చేయాలా అనిపించవచ్చు కాబట్టి ఆమెకు పేజీలో పని రాయకండి, నోటితో అడగండి. "అత్తా, నాకు మతిమరుపు వస్తోంది, పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు మాత్ర వేసుకున్నావా అని నన్ను ఒక్క మాట అడుగుతావా" అనండి. ఈ పని ఆమె సంతోషంగా చేస్తుందనే నా నమ్మకం. కోడలి ఆరోగ్యం తన చేతిలో పెట్టారన్నది చిన్న గౌరవమేమీ కాదు.

మీ ఆయనతో మాట్లాడటం తప్పదు. రాత్రి ఘాట్ రోడ్డు మీద నాలుగు ట్రిప్పులు తిరిగి వచ్చిన మనిషితో ఆ వేళ ఈ విషయం ఎత్తకండి. ఆయన తీరిగ్గా ఉన్న పూట, పిల్లలు లేనప్పుడు చెప్పండి: "బంధువుల ముందు మీరు అట్లా అనడం నాకు చాలా కష్టంగా ఉంది. ఫీజు మరిచిపోయింది నిజమే. కానీ ఆ తేదీ మన ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. ఇకమీదట కరెంటు, గ్యాస్, చీటీ మీరు చూడండి, మిగతావి నేను చూస్తాను. ఏదన్నా తప్పితే నాకు ఒక్కదానికే చెప్పండి, నలుగురిలో వద్దు." ఇందులో పోట్లాట లేదు, ఏడుపు లేదు, అడగాల్సింది మాత్రం ఉంది. ఆయన మొదట నవ్వి తోసేయవచ్చు. క్యాలెండరు మీద తన పేరు చూసుకునేదాకా మళ్లీ చెప్పండి.

మీ సొంత అలవాట్లలో ఈ ఏడాది మొదట ఒక్కటే పెట్టుకోండి, బీపీ మాత్ర. వారానికి ఏడు గడులు ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్టె మందుల షాపులో దొరుకుతుంది. సెలవు రోజు సాయంత్రం నింపి, కాఫీ గ్లాసులు పెట్టే చోట, పొయ్యి వేడి తగలనంత దూరంలో ఉంచండి. వేసుకున్నానా లేదా అన్న అనుమానం వస్తే గడి చూస్తే తెలిసిపోతుంది. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకండి. మాత్ర ఏ పూట వేసుకోవాలన్నది మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే.

ఎన్ని రోజులకు అలవాటవుతుంది అని అడుగుతారు. 21 రోజులు అని అందరూ అంటుంటారు, దాన్ని పట్టుకోకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. రోజూ చేసే ఒక చిన్న పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని తేలింది. మీకు ఎక్కువ ఊరటనిచ్చేది ఇంకోటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. మీరేమో ఒక రోజు తప్పగానే డైరీ మూసి చీరల కింద పెట్టేస్తున్నారు. తప్పిన రోజు పేజీ ఖాళీగా వదిలేసి మర్నాడు మామూలుగా రాయండి, అంతే.

వాకింగ్ ఎండలు ముదరకముందే, ఉగాది నాటికి మొదలుపెట్టినా చాలు. రిసెప్షన్ పనికి ఇంగ్లీషు అవసరమే, కానీ దానికి ప్రత్యేకంగా టైం వెతక్కండి. కౌంటర్‌కు వచ్చే పైరాష్ట్రాల యాత్రికులతో రోజుకు నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడటమే మీకు క్లాసు. ధ్యానం, ఖర్చుల లెక్క ఈ ఆరు నెలలు పక్కన పెట్టండి.

ఏ పనీ ముట్టుకోబుద్ధి కావడం లేదని చివర్లో ఒక్క లైను రాశారు. అది అలసట కావచ్చు, అంతకంటే ఎక్కువా కావచ్చు. రెండు వారాలకు మించి అలాగే ఉంటే, నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. సగం రోజులు మాత్ర వేసుకోకుండా మీ బీపీ ఇప్పుడు ఎంత ఉందో మీకు తెలియదు. మిగతావన్నీ కనుమ తర్వాత మొదలుపెట్టవచ్చు గానీ, దీనికి అంతదాకా ఆగకండి. ఈ వారం డ్యూటీకి ముందో తర్వాతో వెళ్లి బీపీ చూపించుకోండి, పాత మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, మాత్రలు తప్పుతున్నాయని దాచకుండా చెప్పండి.