మోలియేర్ దగ్గు కూడా డైలాగే

సొంత నాటకంలో తానే వేషం కట్టే రచయిత తన పాత్రను పెంచుకుని నాటకాన్ని చెడగొట్టడా అని అడిగారు. ఉదాహరణగా పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి నాటక రచయిత, నటుడు మోలియేర్ పేరు చెప్పి, ఆయన స్టేజి మీదే ప్రాణం విడిచాడట కదా అన్నారు. స్టేజి మీద కాదు, ఇంట్లో పోయాడు. ఆ రోజు సంగతి కిందికి వస్తే ఉంది.

మీ అనుమానానికి నా జవాబు: నాటకాన్ని చెడగొట్టేది వేషం కట్టని రచయితే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియని వాళ్ళు రాసిన డైలాగులు మన పరిషత్తు పోటీల్లో ప్రతి ఏడాదీ వింటున్నాం. వాక్యం మధ్యలో నటుడికి గాలి అయిపోతుంది, చివరి మాట మైకు కూడా పట్టుకోదు. జడ్జీలు మాత్రం "సందేశం బాగుంది" అని మార్కులు వేస్తారు.

మోలియేర్ పెంచుకున్న పాత్రలేమిటో చూడండి. 'టార్ట్యూఫ్'లో టైటిల్ పాత్ర తన సమాజం నటుడు డ్యు క్రోవాజీకి ఇచ్చి, తను మోసపోయే ఇంటి యజమాని ఒర్గాన్ వేశాడు. 'డోన్ జువాన్'లో హీరో వేషం మరో నటుడు లా గ్రాంజ్‌ది, నౌకరు స్గనరెల్ ఈయన. హీరోగా వెలిగిపోదామని ఒక్కసారి సరదా పడ్డాడు: 1661 ఫిబ్రవరిలో 'డోన్ గార్సీ'. ఏడు ప్రదర్శనలతో ఎత్తేశారు. రాగాలు తీస్తూ పలికే విషాద నటన ఆ కాలపు ఫ్యాషన్, ఆయన గొంతు దానికి పనికిరాదు. 1663లో 'వెర్సాయ్ ఇంప్రాంప్టు' రాసి, తనను తానుగా స్టేజి మీద పెట్టుకుని, పోటీ సమాజం నటుల రాగాలను ఒక్కొక్కరిగా అనుకరించి కసి తీర్చుకున్నాడు.

ఇదంతా ఊరికే రాలేదు. అసలు పేరు జాన్ బాప్టిస్ట్ పోక్లాన్, 1622లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి రాజుగారి కొలువులో పరుపులు, తెరల పని చూసేవాడు. ఆ ఉద్యోగం వారసత్వంగా రావలసి ఉండగా వదులుకుని, 1643లో మడలెన్ బెజార్‌తో కలిసి నాటక సమాజం పెట్టాడు. రెండేళ్ళకే అప్పులు. 1645లో జైలుకు పంపింది ఎవరనుకున్నారు, కొవ్వొత్తుల వర్తకుడు! బాకీ 142 లీవ్రులు, అంటే అప్పటి ఫ్రెంచి రూపాయలనుకోండి. ఇది నవ్వులాట విషయం కాదు. ఆ రోజుల్లో హాలు మొత్తం కొవ్వొత్తుల మీదే నడిచేది. వత్తులు కత్తిరించకపోతే పొగ, కొవ్వు కారి కింద కూర్చున్నవాళ్ళ మీద పడేది. అందుకే అంకం అరగంటకు అటూ ఇటూగా ముగియాలి, మధ్యలో ఒకడొచ్చి వత్తులు సరిచేయాలి. అంకాల నిడివిని పండితులు అలంకారశాస్త్రంతో వివరిస్తారు గానీ, సగం లెక్క వత్తిదే. పైగా డబ్బున్న దొరలకు స్టేజి మీదే కుర్చీలు వేసేవారు, రెండు పక్కలా. నటులకు మిగిలేది మధ్యలో సన్నటి జాగా. నటించిన రచయితకు తెలుసు, అక్కడ పదిమందిని ఒకేసారి నిలబెట్టకూడదని.

జైలు తర్వాత పదమూడేళ్ళు పల్లెలూ పట్నాలూ తిరిగారు. 1658 అక్టోబర్ 24న పద్నాలుగో లూయీ ముందు ఆడే అవకాశం వచ్చింది. అప్పటి పెద్ద రచయిత కోర్నేయ్ విషాద నాటకం వేస్తే మర్యాదకు చప్పట్లు కొట్టారు, చివర్లో తను రాసిన చిన్న ప్రహసనం వేస్తే రాజు నవ్వాడు. హాలు ఇచ్చారు, అదీ ఇటాలియన్ నటులతో వంతులు పంచుకుంటూ. కలెక్షన్లో ఖర్చులు పోగా మిగిలింది వాటాలుగా పంచుకోవడం వాళ్ళ పద్ధతి. 1661లో మోలియేర్ తనకు ఒకటి కాదు, రెండు వాటాలు కావాలన్నాడు, ఇచ్చారు. లా గ్రాంజ్ రోజువారీ ఖాతా పుస్తకం రాసిపెట్టాడు కాబట్టి ఇవి ఊహలు కావు. మన నాటక సమాజాల్లో అలాంటి పుస్తకం ఒక్కటి దొరికినా సురభి గురించీ బళ్ళారి గురించీ సగం కబుర్లు సర్దుకునేవి.

ఇక చేతిలో ఉన్న మనుషులను బట్టి రాయడం. బావమరిది లూయీ బెజార్ కుంటేవాడు. 'పిసినారి'లో ఆయన వేసిన నౌకరును పిసినారి హార్పగాన్, అంటే మోలియేర్ వేషం, "ఆ కుంటి కుక్క" అని తిడతాడు. మోలియేర్‌కు దగ్గు. అదే నాటకంలో పెళ్ళిళ్ళ పేరమ్మ ఫ్రోజీన్ హార్పగాన్‌తో, మీరు దగ్గితే ఎంత అందంగా ఉంటుందో అంటుంది. ఈ ఒక్క మాటతో దగ్గు నటుడి జబ్బు కాకుండా పాత్ర లక్షణం అయిపోయింది. ఇక ఎప్పుడు దగ్గొచ్చినా జనం నవ్వుతారు, సీను ఆగదు.

దీన్ని చివరికంటా లాగింది 'రోగిష్టి భ్రమ' నాటకం, 1673. ఆర్గాన్ అనే దిట్టమైన మనిషి, తనకు లేని రోగాలున్నాయని నమ్మి వైద్యుల పాలబడతాడు. దాన్ని నిజంగా రోగం ఉన్నవాడు వేశాడు. మూడో అంకంలో తమ్ముడు బెరాల్డ్ "మోలియేర్ నాటకానికి వెళదామా" అంటాడు. ఆర్గాన్ మండిపడి, నేనే వైద్యుణ్ణయితే ఆ మోలియేర్ జబ్బుపడ్డప్పుడు మందివ్వను, చావు అంటాను అని శాపనార్థాలు పెడతాడు. తమ్ముడు సర్దిచెప్తాడు: మందులు తట్టుకోవాలంటే జబ్బుకు పోగా ఇంకా బలం మిగలాలి, ఆయనకు ఉన్న బలం జబ్బు మోయడానికే సరిపోతోంది. ఈ మాటలు జరుగుతున్నప్పుడు కుర్చీలో కూర్చుని మోలియేర్‌ను తిడుతున్నది మోలియేరే.

వాళ్ళ ఆట మంగళ, శుక్ర, ఆదివారాల్లో. ఫిబ్రవరి 10 శుక్రవారం మొదటి ఆట, 17 శుక్రవారం నాలుగోది. 1705లో గ్రిమరే రాసిన జీవితచరిత్ర ప్రకారం ఆ రోజు భార్యా, శిష్యుడు బారోనూ వద్దన్నారు. రోజుకూలీ మీద బతికే యాభైమంది ఏమైపోతారు అన్నాడట. ముగింపులో ఆర్గాన్‌ను వైద్యుణ్ణి చేసే ఉత్తుత్తి లాటిన్ తంతు ఉంటుంది. అందులో ప్రమాణం చేస్తూ "యూరో" (లాటిన్‌లో 'ప్రమాణం చేస్తున్నాను') అనేచోట వణుకు పట్టింది, బలవంతపు నవ్వుతో కప్పేశాడు. ఆట పూర్తయింది. ఆ రాత్రి రిష్‌ల్యూ వీధిలోని ఇంట్లో పోయాడు. నటుడు తన వృత్తిని వదులుకున్నానని చెప్తేనే చర్చి అంత్యక్రియలు చేసే కాలం. ఇద్దరు మతగురువులు రామన్నారు, మూడోవాడు వచ్చేసరికి ఆలస్యమైంది. భార్య రాజును వేడుకుంటే, 21 రాత్రి, ఆడంబరం లేకుండా పూడ్చడానికి ఒప్పుకున్నారు. 24న హాలు మళ్ళీ తెరిచారు. మార్చి 3న లా తోరియేర్ ఆర్గాన్ వేషం కట్టాడు.

మీ సమాజం ఈ నాటకం తెలుగులో వేసే ఆలోచనలో ఉంటే, చూసిన చోటల్లా జరిగే పొరపాటు చెప్తాను: ఆర్గాన్‌ను మూలుగుతూ వేస్తారు. తప్పు. వాడికి ఏ రోగమూ లేదు, గొంతు పెద్దగా ఉండాలి. మొదటి సీనులో ఒంటరిగా బల్ల ముందు కూర్చుని మందుల షాపు బిల్లులు లెక్కపెడతాడు. బల్ల మీద లెక్కబిళ్ళలు నిజంగా ఉండాలి, ప్రతి పద్దుకూ ఒకటి జరపాలి. ఇరవై సూలు (చిల్లర నాణేలు) అని రాస్తే పదే అని కోస్తాడు, అక్కడ ఒక విరామం. ఈ నెల 8 మందులు, 12 ఎనిమాలు. పోయిన నెల 12, 20. అందుకే ఈ నెల ఒళ్ళు బాగోలేదంటాడు. ఈ లెక్క వేగంగా చదివితే జోకు పోతుంది. తర్వాత గంట కొడితే ఎవరూ రారు, గంట చాలక నోటితోనే గణగణలాడిస్తాడు. అక్కడ రికార్డెడ్ సౌండు పెట్టకండి. ఇక ఎనిమాలు అసభ్యమని తీసేస్తుంటారు. నాటకం మధ్యలో ఆర్గాన్ లోపలికి పరుగెత్తడానికి కారణం అదే. అది తీసేస్తే ఎగ్జిట్‌కు కొత్త సాకు మీరే రాసుకోవాలి, ఇంతవరకు ఎవరూ అంతకన్నా మంచిది రాయలేదు.